కాలిన గాయాల వార్డులో నర్సులకు రక్షణ ఎలా?

ప్రశ్న: నేను కాలిన గాయాల వార్డులో స్టాఫ్ నర్సుని. 2020లో కొవిడ్ వచ్చినప్పుడు, "మీ దగ్గరున్నది కొవిడ్ రోగులు కారు కదా" అంటూ మాకు ఎన్95 మాస్కులు ఇవ్వలేదు. అటువంటి మహమ్మారి మళ్లీ వస్తే మేము ఏమేమి అడగాలి?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీకు చెప్పిన ఆ మాటలోనే పొరపాటు ఉన్నదమ్మా. ఒళ్లు ఎక్కువగా కాలిన మనిషికి ఏ వైరస్సూ లేకపోయినా జ్వరం, ఆయాసం ఉంటాయి. పొగ పీల్చి ఉంటే దగ్గు కూడా తోడవుతుంది. అందుచేత జ్వరం చూసి రోగులను వేరుచేసే పద్ధతి మీ వార్డులో పనికిరాదు. చేర్చుకునేటప్పుడే పరీక్ష చేయించి, ఫలితం వచ్చేదాకా ప్రతి రోగికీ వ్యాధి ఉన్నట్టే భావించి ఎన్95 ధరించాలి. తోడుగా ఉండే బంధువుకూ పరీక్ష అవసరమే.

ఇక గాలి సంగతి. బయటి క్రిములు గాయాలకు సోకకుండా కొన్ని యూనిట్లలో గది లోపల గాలి పీడనాన్ని ఎక్కువగా ఉంచుతారు. రోగిని కాపాడే ఆ ఏర్పాటే, అతని శ్వాసలో వైరస్ ఉన్నప్పుడు, తలుపు తీసిన ప్రతిసారీ ఆ గాలిని వరండాలో ఉన్నవారి మీదికి నెడుతుంది. అటువంటి రోగికి పీడనం తక్కువగా ఉండి, గంటకు కనీసం 12 సార్లు గాలి మారే గది కావాలి.

అన్నిటికంటే గట్టిగా పట్టుబట్టవలసింది డ్రెస్సింగుల విషయంలో. పెద్ద గాయమైతే అది గంటకు పైగా పట్టవచ్చు. రోగి బాధతో కేకలు పెడుతుంటే ముగ్గురు నలుగురు అతని మీదికి వంగి పనిచేస్తుంటారు. రోజూ విప్పి కట్టవలసిన సిల్వర్ సల్ఫాడయజీన్ క్రీముకు బదులు, డాక్టరు సరేనన్న గాయాలకు 3 నుంచి 7 రోజులు ఉంచగలిగే వెండి కలిసిన డ్రెస్సింగులను, లోతు తక్కువైన వాటికి కొల్లాజెన్ (చర్మంలో ఉండే ఒక ప్రోటీన్) పొరను వాడితే, మీరు ఆ గదిలోకి వెళ్లవలసిన అవసరమే తగ్గుతుంది. వీటి ధర ఎక్కువన్న మాట నిజమే గాని, ఆదా అయ్యే పీపీఈ కిట్లను కూడా ఆ లెక్కలో చూపించండి. నొప్పి మందు ముందుగా ఇచ్చి, పనికి తప్పనిసరైన వారినే లోపల ఉంచాలి. గాయం కడిగేటప్పుడు తుంపరలు లేస్తాయి కనుక ముఖానికి షీల్డు ఉండాలి.

చర్మం పోయిన రోగి ఒంటి వేడిని నిలుపుకోలేడు కాబట్టి వార్డును వెచ్చగా ఉంచక తప్పదు. ఆ ఉక్కలో కిట్ వేసుకున్నవారు త్వరగా అలసిపోతారు. అలసిన చేతులు కిట్ విప్పేటప్పుడే పొరపాటు చేస్తాయి. అందుకే వంతులు చిన్నవిగా వేయించుకోండి, విప్పేటప్పుడు పక్కన ఒకరు నిలబడి చూసేలా ఏర్పాటు అడగండి. తడిసిన మాస్కును వెంటనే మార్చాలి. శానిటైజరు రాసుకున్న చేతులు పూర్తిగా ఆరేదాకా కాటరీ యంత్రాన్ని (రక్తం కారకుండా గాయాన్ని వేడితో కాల్చే పరికరాన్ని) ముట్టుకోకూడదు. శానిటైజరులోని ఆల్కహాలు ఎంత తేలికగా అంటుకుంటుందో మీ వార్డువారికి వేరే చెప్పనక్కరలేదు.