కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ బల్లికి చాలదు

ప్రశ్న: మాకు మేడ్చల్ దగ్గర గుడ్లు పెట్టే (లేయర్) కోళ్ల ఫారం ఉంది. ఉండేది కొంపల్లిలో, అపార్ట్‌మెంట్ పై అంతస్తులో. మా అబ్బాయి బియర్డెడ్ డ్రాగన్ అనే ఎడారి బల్లి పిల్లను కొన్నాడు. ఇప్పుడు దానికి ఆరు నెలలు ఉంటాయట. వాడు చదువుకోడానికి హాస్టల్‌కి వెళ్లిపోయాడు, బల్లి మా పాలిట పడింది. చేపల తొట్టిలో ఇసుక పోసి, ఎండ తగిలేలా కిటికీ పక్కన పెట్టాం. పాలకూర, క్యారెట్ తురుము, మీల్ వార్మ్స్ అనే పురుగులు పెడుతున్నాం. పది రోజులుగా కాలి వేళ్లు వణుకుతున్నాయి. నడిచేటప్పుడు పొట్ట నేలకు ఈడుస్తోంది. తిండి తగ్గింది. కోళ్లకు నీళ్లలో కలిపే కాల్షియం టానిక్ పోయవచ్చా? గేదెలకు ఎక్కించే కాల్షియం ఇంజెక్షన్ కొంచెం వేస్తే పని చేస్తుందా? ఎండలు ముదిరాయి కదా, కూలర్ పెట్టాలా? – ఒక కోళ్ల రైతు, కొంపల్లి

జవాబు: ముందు టానిక్, ఇంజెక్షన్ రెండూ పక్కన పెట్టండి. గేదె ఈనాక పాలజ్వరంతో పడిపోతే కాల్షియం బోరోగ్లూకోనేట్ సీసా నరానికి ఎక్కిస్తాం, కాసేపటికి లేచి నిలబడుతుంది. అది చూసిన కళ్లతో మీరు అడిగారని అర్థమైంది. కానీ గేదె బరువు నాలుగైదు క్వింటాళ్లు, మీ బల్లి బరువు వందో రెండొందలో గ్రాములు. దాని విషయంలో కొన్ని చుక్కలు ఎక్కువైనా గుండె ఆగిపోవచ్చు. డాక్టర్లు బల్లిని తూకం వేసి, కాల్షియం గ్లూకోనేట్‌ను పలచన చేసి, లెక్క ప్రకారం ఇస్తారు. కోళ్ల టానిక్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. అందులో ఫాస్ఫరస్, డి3 విటమిన్ కూడా కలిపి ఉంటాయి. డి3 మోతాదు మించితే కాల్షియం ఎముకకు పోకుండా మూత్రపిండాల్లో, రక్తనాళాల్లో పేరుకుంటుంది.

వేళ్లు వణకడం, పొట్ట ఎత్తలేకపోవడం, తిండి తగ్గడం మూడూ ఒకే వైపు చూపిస్తున్నాయి. ఎదిగే వయసు బల్లుల్లో కాల్షియం అందక ఎముకలు మెత్తబడే జబ్బు ఇది. కింది దవడను వేలితో మెల్లగా తాకి చూడండి. గట్టిగా ఉండాల్సిన ఎముక వంగుతున్నట్టు అనిపిస్తే జబ్బు బాగా ముదిరినట్టే. రేపు, ఎల్లుండి అనుకోకుండా ఎక్స్‌రే తీసే ఆసుపత్రికి తీసుకెళ్లండి. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రికి గానీ, నగరంలో సరీసృపాలను చూసే ప్రైవేటు డాక్టర్ దగ్గరికి గానీ వెళ్లవచ్చు. ముందు ఫోన్ చేసి వెళ్లండి, కుక్కలు పిల్లులు మాత్రమే చూసే డాక్టర్లే ఎక్కువ. ఆలస్యమైతే మూర్ఛలు వస్తాయి, పట్టుకున్న చోటే ఎముక విరుగుతుంది. వెన్ను, కాళ్లు ఒకసారి వంకరపోతే మందుతో తిన్నగా కావు.

మందు సంగతి డాక్టర్ చూసుకుంటారు. ఇంట్లో కారణం అలాగే ఉంటే మాత్రం నెల తిరక్కుండా మళ్లీ ఇదే పరిస్థితి వస్తుంది. నాకు కనిపిస్తున్న అసలు కారణం ఆ కిటికీ అద్దం.

కోళ్ల రైతు కాబట్టి మీకు ఇది చెప్పడం తేలిక. 1920లలో అమెరికాలో కోడిపిల్లలను చలికి గదుల్లో పెట్టి పెంచితే కాళ్లు చచ్చుబడేవి. మేత మంచిదే, కిటికీల్లోంచి వెలుతురూ వస్తోంది, అయినా పిల్లలు లేవలేకపోయేవి. నేరుగా ఎండ తగిలేలా బయటికి వదిలినా, అతినీలలోహిత దీపం కింద పెట్టినా కోలుకునేవి. ఎండలో యూవీబీ అనే భాగం ఒకటి ఉంటుంది. అది చర్మానికి తగిలితేనే ఒంట్లో డి3 విటమిన్ తయారవుతుంది. ఆ డి3 లేకపోతే తిన్న కాల్షియం పేగుల్లోంచి ఒంటికి పట్టదు, రెట్టలో బయటికి పోతుంది. మామూలు అద్దం వెలుతురును, వేడిని లోపలికి వదులుతుంది, యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది. మీ షెడ్లలో కోళ్లకు ఎండ అక్కర్లేకపోవడానికి కారణం దాణాలో డి3 కలుపుతున్నారు కాబట్టి. ఈ బల్లి పగటిపూట ఎండ కాచుకుని బతికే జాతి. దానికి యూవీబీ కావాల్సిందే.

అందుకని యూవీబీ ట్యూబు కొనండి. సరీసృపాల కోసమే చేసిన టీ5 అనే సన్న ట్యూబు రకం, యూవీబీ 10 లేదా 12 శాతం అని రాసి ఉండేది, తొట్టి పొడవులో సగం కంటే ఎక్కువ మేర వచ్చేది తీసుకోండి. బల్లి పడుకునే చోటికి, ట్యూబుకు మధ్య 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉండాలి. మధ్యలో అద్దం గానీ ప్లాస్టిక్ గానీ ఉండకూడదు. సన్న జాలీ కూడా కిరణాలను బాగానే తగ్గిస్తుంది, వీలైతే ట్యూబును జాలీ లోపలే బిగించండి. రోజుకు 10 నుంచి 12 గంటలు వెలిగించి రాత్రి ఆపేయాలి. వెలుగుతూనే ఉన్నా ఏడాదికల్లా అందులో యూవీబీ పడిపోతుంది, కాబట్టి కొన్న తేదీ ట్యూబు మీదే రాసిపెట్టుకుని మార్చండి. బల్లితో పాటు చేపల తొట్టి ఎల్‌ఈడీ లైటు అంటగట్టే దుకాణాలున్నాయి. అది మన కళ్లకే పనికొస్తుంది.

బాల్కనీలో అసలు ఎండ కూడా ఇవ్వవచ్చు, అంతకంటే మంచిది లేదు. కానీ అద్దాల తొట్టిని ఎండలో పెట్టకండి, కొద్ది నిమిషాల్లోనే లోపల ఉడికిపోతుంది. జాలీ పంజరంలో ఉంచి, సగం మీద గుడ్డ కప్పి నీడ చేయండి. ఇప్పుడు ఎండాకాలంలో ఉదయం ఎనిమిదిన్నర ప్రాంతంలో పావుగంటతో మొదలుపెట్టండి. చలికాలంలో పదీ పన్నెండు మధ్య. పక్కనే మనిషి ఉండాలి, ఎత్తుకుపోవడానికి కాకి ఒక్కటి చాలు.

ఇక కూలర్. ఎడారి జంతువు కదా, మన మే నెల దానికో లెక్కా అనుకుంటారు చాలామంది. దీని సొంత ఊరు ఆస్ట్రేలియా మధ్యలోని పొడి నేలలు. అక్కడ పొద్దున్నే మోడు మీదో కంచె గుంజ మీదో ఎక్కి ఎండ కాచుకుంటుంది, ఎండ మండితే పొద కిందికో బొరియలోకో పోతుంది. దానికి వేడి ఎంత అవసరమో వేడి నుంచి తప్పుకునే చోటూ అంతే అవసరం. తొట్టిలో ఒక చివర దీపం కింద 38 నుంచి 42 డిగ్రీలు, రెండో చివర 25 నుంచి 29 ఉండాలి. వేడి తగలకపోతే తిన్నది అరగదు. దీపం కింద నోరు తెరిచి పడుకుంటే కంగారు పడకండి, అది వేడి దించుకునే పద్ధతి. చల్లటి చివరకు పోయి కూడా నోరు మూయకపోతే అప్పుడు ఆలోచించాలి. మీది పై అంతస్తు కాబట్టి మధ్యాహ్నం గదే 37, 38కి వెళ్తుంది. ఆ వేళ వేడి దీపం ఆపేసి యూవీబీ ట్యూబు మాత్రం ఉంచండి, ఫ్యానో ఏసీయో వేయండి. కూలర్ గాలి నేరుగా తొట్టి వైపు పెట్టకండి, అది చల్లదనంతో పాటు తేమనూ తెస్తుంది. ఈ బల్లికి గాలిలో తేమ 30, 40 శాతం దాకా బాగుంటుంది. నిజానికి ఎండాకాలం కంటే జూలై, ఆగస్టు నెలలే దీనికి కష్టం. ముసురు పట్టిన రోజుల్లో హైదరాబాద్‌లో తేమ 80 దాటుతుంది, ఊపిరితిత్తుల జబ్బులు అప్పుడే వస్తాయి. పైన మూత జాలీదే పెట్టండి, నీళ్ల గిన్నె చిన్నది ఉంచండి. డిసెంబరు రాత్రులు గది 18 డిగ్రీల కంటే దిగితే వెలుతురు లేని సిరామిక్ హీటర్ వాడాలి. కరెంటుతో వేడెక్కే రాళ్లు వద్దు, పొట్ట కాలుతున్నా బల్లి లేవదు.

ఇసుక తీసేయండి. పిల్ల బల్లులు పురుగుతో పాటు ఇసుకా మింగుతాయి, పేగులు మూసుకుంటాయి. ప్రస్తుతానికి పేపరు పరవండి. కోలుకున్నాక మన షాబాద్ బండ ముక్క ఒకటి దీపం కింద వేయండి. అది వేడి నిలుపుతుంది, గోళ్లూ అరుగుతాయి. జబ్బుగా ఉన్నన్నాళ్లు ఎక్కే కొమ్మలు తీసేయండి, పడితే ఎముక విరుగుతుంది. పెద్దయ్యాక ఇది అడుగున్నర దాటుతుంది కాబట్టి నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు తొట్టి చేయించుకోక తప్పదు.

మేతలో పాలకూర మానేయండి. అందులోని ఆక్సలేట్లు ఉన్న కాల్షియాన్నీ కట్టిపడేస్తాయి. చుక్కకూర, గోంగూర, తోటకూర కూడా ఆ కోవలోవే. మునగాకు, ముల్లంగి ఆకు, పశువులకు వేసే లేత లూసర్న్, ముళ్లు తీసిన నాగజెముడు మట్ట, గుమ్మడికాయ తురుము, మందార పువ్వు పెట్టండి. బొప్పాయి అప్పుడప్పుడు ఒక ముక్క. ఈ వయసులో ఆకులతో పాటు పురుగులు రోజూ కావాలి, పెద్దయ్యాక మేతలో నాలుగింట మూడొంతులు ఆకులే ఉండాలి. మీల్ వార్మ్స్‌లో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం తక్కువ, వాటి మీదే పెంచితే ఈ జబ్బు రాక మానదు. కీచురాళ్లు, పట్టుపురుగులు, బ్లాక్ సోల్జర్ ఫ్లై లార్వాలు మేలు. ఆఖరి వాటిలో సహజంగానే కాల్షియం ఎక్కువ. బల్లి రెండు కళ్ల మధ్య దూరం కంటే పెద్ద పురుగు పెట్టకూడదు. వేసే ముందు ఫాస్ఫరస్ కలవని కాల్షియం కార్బొనేట్ పొడిలో దొర్లించాలి. మీ లేయర్ మాష్ (గుడ్ల కోళ్ల దాణా) కూడా ఇక్కడ పనికొస్తుంది, బల్లికి కాదు, పురుగులకు. మందులు కలపని మాష్ ఒక రోజు ముందు కీచురాళ్లకు పెడితే వాటి కడుపులోని కాల్షియం బల్లికి చేరుతుంది.

కోళ్ల పంజరాల కింద పెంటలో కావలసినన్ని పురుగులున్నాయి కదా అని మీకు అనిపించవచ్చు. వాటి జోలికి పోకండి. ఈగలు రాకుండా దాణాలో కలిపే సైరోమజైన్, షెడ్డులో కొట్టే మందులు, విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా అనే క్రిమి అన్నీ వాటితో పాటే వస్తాయి. పొలం మిడతలతోనూ పురుగుమందుల భయం ఉంటుంది. మిణుగురు పురుగు ఒక్కటి తిన్నా ఈ బల్లి చచ్చిపోవచ్చు, రాత్రిపూట కిటికీ తెరిచి పెట్టేవాళ్లు గుర్తుంచుకోవాలి.

సాల్మొనెల్లా గురించి ఇంకాస్త చెప్పాలి. ఆరోగ్యంగా కనిపించే బల్లి రెట్టలో కూడా అది ఉండవచ్చు. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి. తొట్టి సామాను వంటింటి సింకులో కడగకండి. ఐదేళ్ల లోపు పిల్లలను దూరంగా ఉంచండి. తొట్టి శుభ్రం చేసిన బట్టలతో ఫారానికి వెళ్లకండి, అక్కడి నుంచి వచ్చిన చేతులతో బల్లిని పట్టుకోకండి. కోళ్లలో మీరు చూసే కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు బల్లుల్లోనూ వస్తుంది, కాకపోతే ఆ క్రిమి వేరు, కోళ్ల మందు మీరే లెక్కేసి పోయకూడదు. అందుకే తాజా రెట్ట చిన్న డబ్బాలో ఆసుపత్రికి తీసుకెళ్లి పరీక్ష చేయించండి.

కాగితాల సంగతి కూడా అబ్బాయిని అడగండి. ఆస్ట్రేలియా తన అడవి బల్లులను వ్యాపారానికి బయటికి పంపనివ్వదు, బయట అమ్మేవి పెంపకంలో పుట్టినవని చెబుతారు. కొన్న బిల్లు దగ్గర ఉంచుకోండి. 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం, 2024 నిబంధనల ప్రకారం సైటిస్ (అడవి జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న విదేశీ జీవులను కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. మీ బల్లికి అది వర్తిస్తుందో లేదో అటవీ శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. సాకలేమనిపించినా చెరువు గట్టునో ఫారం వెనకో వదిలేయకండి. బాగా చూసుకుంటే ఇది ఎనిమిది, పదేళ్లు బతుకుతుంది కాబట్టి ఎవరు సాకాలో అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు తేల్చుకోండి.

ఆసుపత్రికి తీసుకెళ్లేటప్పుడు చేతిలో పట్టుకోకుండా, గాలి రంధ్రాలున్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి పడుకోబెట్టండి. కారు ఏసీ గాలి నేరుగా తగలనివ్వకండి. ఇప్పటిదాకా వాడిన లైటు, పెట్టిన మేత, తొట్టి ఫొటోలు ఫోన్‌లో తీసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.