బొడ్డు హెర్నియాకు మెష్ తప్పదా?

ప్రశ్న: నా వయసు 47 సంవత్సరాలు. రెండో కాన్పు తరువాత బొడ్డు దగ్గర చిన్న ఉబ్బు మొదలైంది. ఇప్పుడది నిమ్మకాయంత అయింది. పడుకుంటే లోపలికి పోతుంది కానీ, దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు నొప్పి వస్తోంది. స్కానింగ్‌లో 2.5 సెంటీమీటర్ల రంధ్రం ఉందని, ల్యాపరోస్కోపీ (చిన్న గాట్ల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్) ద్వారా మెష్ వేయాలని సర్జన్ చెప్పారు. జీవితాంతం ఒంట్లో ఒక వల ఉండిపోతుందంటే భయంగా ఉంది. కుట్లు వేసి మూసేస్తే సరిపోదా?

జవాబు: బొడ్డు హెర్నియాలో పైకి కనిపించేది ఉబ్బే అయినా, అసలు లోపం దాని వెనకనున్న రంధ్రంలో ఉంది. తల్లి గర్భంలో బొడ్డుతాడు వెళ్లిన దారి పుట్టిన తరువాత మూసుకుని గట్టిపడుతుంది. అయినా పొట్టగోడలో అది బలహీనమైన చోటే. కాన్పులు, అధిక బరువు, మానని దగ్గు, మలబద్ధకంతో ముక్కడం వంటివి ఆ చోటును లోపలినుంచి నెడుతూ ఉంటే అది సాగి తెరుచుకుంటుంది. పెద్దవారిలో ఒకసారి తెరుచుకున్నది మందులతో గాని, బెల్టుతో గాని, వ్యాయామంతో గాని మూసుకోదు.

రంధ్రం ఒక సెంటీమీటరు లోపు ఉంటే కుట్లు మాత్రమే వేయడం సమంజసమే. వెడల్పు పెరిగిన కొద్దీ అంచులను దగ్గరకు లాగి కట్టవలసి వస్తుంది కనుక కుట్ల మీద లాగుడు ఎక్కువవుతుంది. బిగుతైన బట్టకు కుట్టు నిలిచినా దాని పక్కన గుడ్డ పిగిలినట్టే, ఇక్కడ కూడా దారం తెగకపోయినా అది పట్టుకున్న పొర క్రమంగా కోసుకుపోతుంది. 1 నుంచి 4 సెంటీమీటర్ల బొడ్డు హెర్నియాలున్న 300 మందిపై జరిపి, 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, రెండేళ్లలో హెర్నియా తిరిగి వచ్చినవారు కుట్లు మాత్రమే వేసినవారిలో దాదాపు 12 శాతం కాగా, మెష్ వేసినవారిలో 4 శాతం. మీ రంధ్రం కొలత ఆ పరిధిలోనిదే కాబట్టి, మెష్ విషయంలో మీ సర్జన్ సలహా సరైనదని నేను భావిస్తున్నాను.

అయితే ఆ అధ్యయనంలో మెష్ అమర్చింది బొడ్డు దగ్గర కోసి చేసే మామూలు ఆపరేషన్‌లోనే. అంటే హెర్నియా తిరిగి రాకుండా కాపాడింది మెష్ గాని, ల్యాపరోస్కోపీ కాదు. మెష్ వేయాలా వద్దా అన్నది ఒక ప్రశ్న, దాన్ని ఏ దారిన లోపలికి పంపాలన్నది మరొక ప్రశ్న. ల్యాపరోస్కోపీ వల్ల గాయాలు చిన్నవిగా ఉంటాయి, వాటికి చీము పట్టే అవకాశం తగ్గుతుంది. అందుకే స్థూలకాయం ఉన్నవారికి, పెద్ద రంధ్రాలకు అది ఎక్కువగా ఉపయోగపడుతుంది. మీ విషయంలో రెండు దారులూ తెరిచే ఉన్నాయి కనుక, తనకు ఏ పద్ధతిలో ఎక్కువ అనుభవం ఉందో సర్జన్‌ను నిస్సంకోచంగా అడగండి.

ల్యాపరోస్కోపీ ఆపరేషన్‌కు పూర్తి మత్తు ఇస్తారు. కార్బన్ డయాక్సైడ్‌తో పొట్టను ఉబ్బించి, ఒక పక్కన 5 నుంచి 12 మిల్లీమీటర్ల గాట్లు సాధారణంగా మూడు పెట్టి, కెమెరాను, పరికరాలను పంపుతారు. పేగులను కప్పి ఉండే కొవ్వు పొర పైకి ఎగబాకి రంధ్రంలో దూరి ఉండటం తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని మెల్లగా వెనక్కి లాగితే గుండ్రని అంచు బయటపడుతుంది. వీలైతే ఆ అంచులను కుట్టి, చాపలా చుట్టిన మెష్‌ను గాటు గుండా లోపలికి పంపి, అక్కడ విప్పి, రంధ్రాన్ని అన్ని వైపులా 3 నుంచి 5 సెంటీమీటర్లు దాటేలా పరిచి బిగిస్తారు. హెర్నియాను బయటకు నెట్టిన పొట్టలోని ఒత్తిడే ఇప్పుడు మెష్‌ను గోడకు అదిమి పట్టి ఉంచుతుంది. కొన్ని నెలల్లో మన కణజాలం దాని కన్నుల్లోంచి పెరిగి దాన్ని గోడలో కలిపేసుకుంటుంది.

మీ భయంలో నిజం లేకపోలేదు. అరుదుగానైనా మెష్‌కు ఇన్ఫెక్షన్ రావచ్చు, పేగులు అతుక్కోవచ్చు, నొప్పి చాలాకాలం ఉండవచ్చు. అందుకే పేగుల వైపు ఉండే మెష్‌కు అతుక్కోకుండా కాపాడే పూత ఉంటుంది. కొందరు సర్జన్లు పొట్ట లోపలి పొరకు వెలుపల, అంటే పేగులకు తగలని చోట దాన్ని అమరుస్తారు. మీకు ఎక్కడ అమరుస్తారో ముందే తెలుసుకోండి. పొగతాగే అలవాటు ఉంటే కొన్ని వారాల ముందే మానేయడం, బరువు ఎక్కువుంటే తగ్గించుకోవడం మీ చేతిలో ఉన్న రక్షణలు.

ఆపరేషన్ తరువాత ఒకటి రెండు రోజులు గ్యాస్ వల్ల భుజం నొప్పి రావచ్చు. పాత ఉబ్బు ఉన్నచోటే నీరు చేరి హెర్నియా తిరిగి వచ్చిందేమోననిపిస్తే కంగారు పడకండి, చాలావరకు అది దానంతటదే ఇంకిపోతుంది. సర్జన్‌కు మాత్రం చూపించండి. బరువులు ఎప్పుడు ఎత్తవచ్చో కూడా ఆయన్నే అడిగి తెలుసుకోండి.

ఈలోగా ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, దాని మీద చర్మం ఎర్రగా గాని నల్లగా గాని మారినా, వాంతులు మొదలైనా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఎదురుచూడకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లండి. ఇరుక్కున్న పేగుకు రక్తం అందకపోతే కొన్ని గంటల్లోనే అది చచ్చుబడుతుంది.