డాలస్ పోతున్నాం, ఇల్లు యాడ తీసుకోవాల? పాపను ఇక్కడే వదిలేసి పొమ్మంటున్నారు

ప్రశ్న: మేడమ్, మాది కడప. మా ఆయన బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనాదివారాలు వచ్చిపోతుంటాడు. ఎల్-1బీ (కంపెనీ తన ఉద్యోగిని అమెరికా ఆఫీసుకు పంపే వీసా) మీద డాలస్ పక్కన ప్లేనో ఆఫీసుకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది, జులై ఆఖర్లో పోవాల. బాబుకు ఆరేళ్లు, పాపకు ఆగస్టు మొదట్లో నాలుగు నిండుతాయి. మా ఆయన ఫ్రెండ్ ఆబ్రీ అనే ఊర్లో ఉన్నాడు, అంతా మన తెలుగోళ్లే, తక్కువ అద్దెకు పెద్ద ఇల్లు వస్తుంది, నచ్చితే కొనేసేయొచ్చు కూడా అంటాడు. మా ఆయనేమో పదికి పది రేటింగ్ స్కూల్ ఉండాలని ఫ్రిస్కోలో వెతుకుతున్నాడు. నాకు కారు తోలడం రాదు. బాబు కొత్తోళ్ల ముందర నోరు తెరవడు, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు కూడా మాట్లాడలేడు. అందరూ తెలుగోళ్లుండే చోటు మంచిదా, కలిసిమెలిసి ఉండే చోటు మంచిదా? ఇంకోటి, అత్తమ్మ పాపను ఒక సంవత్సరం మా దగ్గర పెట్టి పోండి, సెటిల్ అయినాక తీసుకుపోదురు అంటోంది. మా ఆయన కూడా సరే అనేటట్టున్నాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, ఇంటి గురించి అంత పొడుగ్గా రాసి పాప సంగతి చివర్లో రెండు ముక్కల్లో చెప్పినారు, కానీ మీకు నిద్ర పట్టనియ్యంది ఆ రెండు ముక్కలే అని నాకనిపిస్తోంది, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతా. పాపను వదిలేసి పోవద్దండి. ఇంత గట్టిగా నేను మామూలుగా ఎవరికీ చెప్పను, ఎవరింటి పరిస్థితి వాళ్లకే తెలుస్తుంది కాబట్టి, కానీ మీరు రాసిన దాంట్లో పాపను విడిచిపెట్టాల్సినంత కారణం నాకు ఒక్కటి కూడా కనపడలేదు.

మన కడప, రాయచోటి, రాజంపేట వైపు అవ్వ దగ్గర పెరిగిన పిల్లలు కొత్తేమీ కాదు, కువైట్‌లో ఇళ్లల్లో పనికి పోయిన తల్లులు ఎంతమంది లేరు మన చుట్టూ. ఆ తల్లులను నేను ఒక్క మాట అననియ్యను, పిల్లల్ని వెంట తీసుకుపోయే వీలే వాళ్లకు లేదు, అప్పు తీరాలన్నా ఇల్లు లేవాలన్నా వాళ్లకు అదొక్కటే దారి. కానీ ఆ పిల్లలు పెద్దయినాక వచ్చి నా ముందర కూర్చుని మాట్లాడినప్పుడు వినే మాట ఒకటుంది, మా అమ్మ మంచిదే మేడమ్ కానీ ఆమెతో ఏం మాట్లాడాలో నాకు తెలియదు అని. నాలుగేళ్ల బిడ్డకు సంవత్సరం అంటే ఎంతో తెలియదు, రేపు వస్తుందా ఎల్లుండి వస్తుందా అని అడిగి అడిగి ఒకరోజు అడగడం మానేస్తుంది, ఇంట్లో అందరూ అమ్మయ్య అలవాటు పడింది అనుకుంటారు. సంవత్సరం తర్వాత మీరొస్తే అవ్వ కొంగు వెనక దాక్కుంటుంది, అప్పుడు ఆ అవ్వ దగ్గర్నుంచి కూడా విడదీసి విమానం ఎక్కించాల, అంటే ఒకే బిడ్డకు రెండుసార్లు ఎడబాటు. మీకు ఆ అవసరం లేదు కదా, మీ ఆయనకు ఎల్-1బీ, మీకూ పిల్లలిద్దరికీ భార్యాపిల్లలకిచ్చే ఎల్-2, అన్నిటికీ ఒకేసారి అప్లై చేసుకోవచ్చు. పైగా సెటిల్ అవ్వడం అంటే ఏ రోజుకు అయినట్టు లెక్క, సంవత్సరం అన్నది రెండేళ్లు కావడం నేను శానా ఇళ్లల్లో చూసినా.

అట్లని అత్తమ్మను చెడ్డగా అనుకోవద్దు. ఇద్దరు పిల్లలూ ఒక్కసారే పోతే ఆ ఇంట్లో పొద్దున లేచి ఎవరికి జడ వెయ్యాల, ఎవరికి సంగటి ముద్ద కలిపి పెట్టాల అని ఆమెకు భయం, అది బయటికి పాప బాగు కోసం అన్నట్టు వస్తోంది. ఆమెకు పాప కాదు, ధైర్యం కావాల. పాస్‌పోర్టులు లేకుంటే ఇప్పుడే అప్లై చేయించండి అత్తమామలిద్దరికీ, విజిటర్ వీసాకు హైదరాబాద్ కాన్సులేట్‌కు పోవాల్సి ఉంటుంది, దాని పని మీరు పోకముందే మొదలైతే ఆమెకు మనం కూడా పోతామన్న నమ్మకం కలుగుతుంది. ఎన్నాళ్లు ఉండొచ్చన్నది అక్కడ ఎయిర్‌పోర్టులో ఆఫీసరు రాసిచ్చే తేదీని బట్టి, మామూలుగా ఆరు నెలలు ఇస్తుంటారు.

ఇంక ఇల్లు. మీ ఆయన రేటింగ్ చూస్తున్నాడు, ఆయన ఫ్రెండ్ అద్దె చూస్తున్నాడు, పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా కారు లేకుండా ఇద్దరు పిల్లలతో ఆ ఇంట్లో ఉండేది మీరు, మీ రోజు ఎట్ల గడుస్తుందో ఎవరూ చూడలేదు. నేనైతే మొదట అదే చూడమంటా, ఎందుకంటే కొత్త దేశంలో మొదటి సంవత్సరం తల్లి మనసు ఎట్ల ఉంటే పిల్లల మనసు అట్ల ఉంటుంది.

ఒక ఉదాహరణ చెప్తా, మీ ఆయనకు కూడా చెప్పండి. టెక్సాస్‌లో స్కూల్ బస్సు మామూలుగా స్కూలుకు రెండు మైళ్లు, ఆ పైన దూరం ఉన్న ఇళ్లకే వస్తుంది, దానికి లోపల ఉంటే, దారి మరీ ప్రమాదం అనుకుంటే తప్ప, మీ పిల్లల్ని మీరే దింపుకోవాల. ఇప్పుడు పదికి పది స్కూలు ఉంది, ఇల్లు దానికి ఒకటిన్నర మైలులో దొరికింది అనుకోండి, మ్యాపులో చూస్తే శానా దగ్గర. బస్సు రాదు, మీకు కారు రాదు, ఆగస్టులో స్కూలు మొదలయ్యేటప్పటికి అక్కడ ఎండ ముప్పై ఎనిమిది డిగ్రీలు దాటుతుంటుంది, మనకు ఎండ కొత్త కాదు గానీ ఇక్కడ ఏడురోడ్ల దగ్గర నిలబడి చెయ్యెత్తితే ఆటో ఆగుతుంది, అక్కడ రోడ్డు మీద మనిషే కనపడడు. పాపను స్ట్రోలర్‌లో తోసుకుంటూ పోను రాను మూడు మైళ్లు, మధ్యాహ్నం మళ్లీ మూడు మైళ్లు. వారం తిరక్కముందే మీ ఇద్దరికీ గొడవ అవుతుంది, ఆ గొడవకు పేరు స్కూలు కాదు, కానీ కారణం అదే. కాబట్టి ఇల్లు స్కూలుకు అర మైలు లోపలన్నా ఉండాల, లేదంటే బస్సు వచ్చే దూరంలో ఉండాల, ఈ రెండిటికీ మధ్యలో వద్దే వద్దు.

ఫ్రిస్కో నుంచి పైకి పోయేకొద్దీ డార్ట్ (డాలస్ చుట్టుపక్కల తిరిగే ప్రభుత్వ రవాణా) బస్సులు, రైళ్లు లేవు. ఆబ్రీ ఇంకా పైన, ప్లేనో ఆఫీసుకు ఇరవై మైళ్లకు పైనే, 380 రోడ్డు మీద పొద్దునా సాయంత్రం ట్రాఫిక్, టోల్ రోడ్డు ఎక్కితే దానికి వేరే డబ్బులు. అద్దెలో మిగిలేది పెట్రోలుకు, టోలుకు, రెండో కారుకు పోతుంది, అంతకంటే ముఖ్యం ఆయన ఇంటికి వచ్చేటప్పటికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. ఆ ఫ్రెండ్ మంచి మనసుతోనే పిలుస్తున్నాడు, పండగలకు పోండి, శనివారం రాత్రి పోయి ఉండి రండి, కాపురం మాత్రం మొదటి ఏడాది ఆఫీసుకు దగ్గరగా పెట్టండి. కొనడం గురించి ఇప్పుడు మాటే ఎత్తొద్దు, ఎల్-1బీ మీద మొత్తం కలిపి ఐదేళ్లే ఉండొచ్చు, ఆ వీసా మీద వేరే కంపెనీకి మారేదానికి కూడా లేదు, టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని సంతోషపడతారు గానీ ఇంటి పన్ను బాగా ఎక్కువ.

స్కూళ్ల సంగతిలో ఒక మెలిక ఉంది. అక్కడ స్కూలు ఊరి పేరును బట్టి రాదు, అడ్రసును బట్టి వస్తుంది, స్కూల్ డిస్ట్రిక్ట్ (ఒక ప్రాంతంలో గవర్నమెంటు స్కూళ్లన్నీ నడిపే సంస్థ) గీత వేరే, ఊరి గీత వేరే. డాలస్ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో వ్యాలీ రాంచ్ వైపు శానా ఇళ్లు కాపెల్ డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయి, ప్లేనోలోనే కొన్ని అడ్రసులు ఫ్రిస్కో డిస్ట్రిక్ట్‌లో ఉంటాయి, ఫ్రిస్కో అని రాసి ఉన్న కొన్ని ఇళ్లకేమో పిల్లలు వేరే డిస్ట్రిక్ట్ స్కూలుకు పోవాల. లీజు మీద సంతకం పెట్టకముందే ఆ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో డోర్ నంబరుతో సహా అడ్రసు కొట్టి చూసుకోమనండి, అపార్ట్‌మెంట్ ఆఫీసులో వాళ్లు చెప్పే మాట సరిపోదు. ఇంకో సంగతి, ఆ రేటింగులు ఎక్కువ భాగం పరీక్షల మార్కులను బట్టి వేసేవి, కొత్తగా వచ్చి నోరు మెదపని పిల్లోడిని ఆ టీచరు ఎట్ల చూసుకుంటుందో ఆ అంకె చెప్పదు. ఆ స్కూలే ఎప్పటికీ ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదు, పిల్లల సంఖ్య తగ్గిపోయి ప్లేనో డిస్ట్రిక్ట్ వాళ్లు 2024-25 విద్యా సంవత్సరం అయిపోగానే నాలుగు స్కూళ్లు మూసేసినారు, మంచి పేరున్న డిస్ట్రిక్టే అది. అందుకని పదేళ్లకు కాదు, ఒక్క ఏడాదికి వెతకండి, ఏడెనిమిది రేటింగ్ ఉండి నడిచిపోయే దూరంలో ఉంటే కళ్లు మూసుకుని తీసుకోండి. అపార్ట్‌మెంట్ అయితే గ్రౌండ్ ఫ్లోర్ అడగండి, అక్కడివి ఎక్కువ చెక్క కట్టడాలు, పైన పిల్లలు ఎగిరితే కింద ఇంట్లో దబదబమంటుంది, కంప్లయింట్ వస్తుందేమోనని రోజంతా పిల్లల్ని అరుస్తూ కూర్చోవడం మీకు ఆ మొదటి నెలల్లో అస్సలు వద్దు.

తెలుగోళ్ల మధ్యనా, అందరి మధ్యనా అని అడిగినారు. మెట్లు దిగితే పలకరించే తెలుగు కుటుంబం ఒకటి రెండు ఉంటే సరిపోతుంది, కాలనీ మొత్తం మనోళ్లే ఉండాల్సిన పని లేదు. మీకు జ్వరం వచ్చినప్పుడు బాబును స్కూలు నుంచి తెచ్చిపెట్టే మనిషి ఒకరు కావాల, అంతే. గుడి కావాలంటే ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, అక్కడ వారం వారం మన మాట వినపడుతుంది.

బాబు గురించి కూడా భయపడొద్దు. కొత్త భాషలో పడిన పిల్లలు మొదట్లో కొన్ని వారాలు, కొందరైతే నెలల తరబడి, అస్సలు మాట్లాడరు, వింటుంటారు, అది జబ్బు కాదు, మొండితనం కాదు. ఆ రోజుల్లో ఇంట్లో తెలుగు ఆపొద్దు, దయచేసి. మీరు కూడా ఇంగ్లీషులోనే మాట్లాడాలని మొదలుపెడితే వాడికి మనసులో మాట చెప్పుకునే చోటు కూడా పోతుంది. స్కూల్లో చేరేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఒక ఫారం ఇస్తారు, వెనకబడినోళ్ల కింద కడతారేమోనని ఇంగ్లీషు అని రాయాలనిపిస్తుంది, రాయొద్దు, తెలుగు అనే రాయండి. అప్పుడే వాడికి టెస్టు పెట్టి, అవసరమైతే ఇంగ్లీషు నేర్పించే ప్రత్యేక సాయం ఇస్తారు. పాపకు కూడా అదే పనికొస్తుంది, టెక్సాస్‌లో సెప్టెంబర్ 1 నాటికి నాలుగు నిండి ఇంగ్లీషు రాని పిల్లలకు గవర్నమెంటు స్కూల్లో ప్రీ-కే (కిండర్‌గార్టెన్‌కు ముందు క్లాసు) ఫ్రీ, మీ పాపకు ఆగస్టులోనే నిండుతాయి కాబట్టి పోగానే అడగండి, అన్ని స్కూళ్లలో ఉండదు, డిస్ట్రిక్ట్ ఆఫీసు వాళ్లే ఏ స్కూలో చెప్తారు. అత్తమ్మకు కూడా చెప్పండి ఇది, పాప ఒక్కతే ఇంట్లో బిక్కుబిక్కుమంటూ కూర్చోదు అని తెలిస్తే ఆమె మనసు కొంచెం కుదుటపడుతుంది.

ఇక్కడ చేసుకోవాల్సినవి రెండు. ఒకటి టీకాలు. మన గవర్నమెంటు టీకాల్లో ఇచ్చేది ఎంఆర్, తట్టుకు, రుబెల్లాకు, వాళ్లడిగేది గవదబిళ్లలది కూడా కలిసిన ఎంఎంఆర్, ఆ డోసులు మొదటి పుట్టినరోజు తర్వాత వేసినవై ఉండాల, అంటే తొమ్మిదో నెలలో వేయించింది లెక్కలోకి రాదు. అమ్మవారికి వేసే చికెన్‌పాక్స్ టీకా, హెపటైటిస్ ఏ కూడా అడుగుతారు, అవి మన గవర్నమెంటు లిస్టులో లేవు. ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ ఒకే రోజు వేయించకపోతే మధ్యలో 28 రోజులు ఆగాల, అందుకే ఈ వారమే పిల్లల డాక్టరు దగ్గరికి కార్డులు తీసుకుపోండి, తేదీలన్నీ ఇంగ్లీషులో రాయించి సంతకం, స్టాంపు వేయించుకోండి. రెండోది డ్రైవింగ్. అక్కడ ఎట్లాగూ మళ్లీ నేర్చుకోవాల కదా అని వదిలెయ్యొద్దు, స్టీరింగు, బ్రేకు అంటే భయం ఇక్కడే పోవాల, కడపలో ట్రాఫిక్ లేని పొద్దున పూట నేర్పే డ్రైవింగ్ స్కూలు చూసుకుని చేరండి. అక్కడికి పోయినాక మీ ఐ-94లో (దేశంలోకి అడుగుపెట్టినట్టు ఇచ్చే రికార్డు) ఎల్-2ఎస్ అని పడిందో లేదో చూసుకోండి, అది ఉంటే మీరు కూడా ఉద్యోగం చేసుకోవచ్చు, వేరే పర్మిట్ అక్కర్లేదు. వెంటనే చెయ్యమని కాదు, ఆ దారి తెరిచే ఉందని మీకు తెలిసుండాల.

ఇదంతా ఆయనకు ఎట్ల చెప్పాల అన్నది మీరు అడగలేదు గానీ, ఇన్నాళ్లు ఎవరికీ చెప్పకుండా ఉన్నారంటే అదే కష్టంగా ఉందని తెలుస్తోంది. ఆయన చెడ్డోడు కాదు, భయపడుతున్నాడు, భయపడి రేటింగులు చూసుకుంటున్నాడు. ఈ శనివారం వచ్చినప్పుడు పిల్లలు పడుకున్నాక మిద్దె మీదికి పోయి కూర్చోండి, అత్తమ్మ ముందర వద్దు, ఆమె ముందర అడిగితే ఆయన మీకు కాకుండా వాళ్లమ్మకు జవాబు చెప్పాల్సి వస్తుంది. మొదట పాప సంగతే ఎత్తండి, ఇల్లు తర్వాత. నువ్వు ఎందుకు సరే అంటున్నావు అని నిలదీయకుండా, పాప లేకుండా నేను ఆ ఇంట్లో ఒక్కరోజు కూడా ఉండలేను అని మీ మాటగా చెప్పండి, ఏడుపొస్తే ఏడవండి, అది ఆయన చూడాల. ఆయన ఒప్పుకున్నాక అత్తమ్మకు ఆయనే చెప్పాల, పాస్‌పోర్టు మాట కూడా ఆయన నోటితోనే రావాల. అప్పటికీ కుదరకపోతే ఇద్దరూ కలిసి ఒకసారి నా దగ్గరికి రండి, ఆయనకు సెలవు దొరక్కపోతే ఫోన్లో అయినా మాట్లాడదాం, టికెట్లు బుక్ కాకముందే.