రక్షిత అరణ్యంలో చిత్రీకరణకు డ్రోన్ ఆపరేటర్ ఎంపిక
లైసెన్సు గల ఆపరేటర్‌ను కుదుర్చుకున్నా రక్షిత అరణ్యంలో చిత్రీకరణకు అధికారులు ఒప్పుకోలేదని మీరు రాశారు. పైలట్ లైసెన్సును ఇచ్చేది విమానయాన అధికారులు, ఆ నేలపై ఎగరేసే అనుమతిని ఇవ్వవలసినది దాన్ని కాపాడే శాఖ. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదు. అమెరికా జాతీయ ఉద్యానాల నేల నుంచి ప్రత్యేక అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడం 2014 నుంచి నిషిద్ధం. కాబట్టి అడ్వాన్సు ఇవ్వకముందే, ఇలాంటి చోట్ల గతంలో పొందిన అనుమతి పత్రాలనూ బీమా పత్రాన్నీ చూపమనండి. అంతకంటే ముఖ్యంగా, పక్షులు గూళ్లు కట్టే కాలంలో ఎంత దూరం పాటిస్తారో అడగండి. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో, డ్రోన్ పైన ఎగిరినప్పుడు నల్ల ఎలుగుబంట్లు చాలాసార్లు పారిపోకుండా ఉన్నా, వాటి గుండె వేగం మాత్రం బాగా పెరిగిందని తేలింది. అందువల్ల జంతువు కదలలేదు కనుక బెదరలేదని వాదించే ఆపరేటర్‌ను నేనైతే తీసుకోను.