చుక్కకు ముందున్నది ఎవరు?

చిరంజీవికి ఆశీస్సులు.

డీ3 అనే జావాస్క్రిప్ట్ చార్టుల లైబ్రరీతో బార్ చార్టు గీయడం గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. వివరణ బాగుంది. కోడు దగ్గరే నాకు చిరాకు పుట్టింది.

ఒకే లైనులో సెలెక్ట్‌తో మొదలుపెట్టి, బొమ్మ గీసే పలక లాంటి ఎస్‌వీజీని అపెండ్ చేసి, వెడల్పూ ఎత్తూ ఇచ్చి, అందులోనే ఒక 'జీ' గ్రూపును అపెండ్ చేసి, దాన్ని మార్జిన్ మేరకు జరిపి, వచ్చినదాన్ని 'ఎస్‌వీజీ' అనే వేరియబుల్‌లో పెట్టావు. డీ3లో అపెండ్ తాను చేర్చిన కొత్త ఎలిమెంటునే తిరిగి ఇస్తుంది కనుక చివరకు నీ చేతికొచ్చింది గ్రూపే. అందుకే కింద 'ఎస్‌వీజీ.ఆట్ర్' అంటూ వెడల్పును 800 చేసినా చార్టు పెరగలేదు. గ్రూపుకు వెడల్పు తగిలిస్తే బ్రౌజర్ పట్టించుకోదు, ఎర్రరూ చూపదు. నువ్వేమో తప్పు బ్రౌజర్‌దేమోనని అనుమానించావు.

చైనింగ్‌లో (చుక్కలతో ఒక మెథడ్ వెనుక ఇంకో మెథడ్‌ను పిలవడంలో) ఇండెంటేషన్, అంటే లైను మొదట వదిలే ఖాళీ, ఉన్నది అందానికి కాదు, ప్రతి చుక్కకూ ముందున్నది ఎవరో చెప్పడానికి. డీ3 సృష్టికర్త మైక్ బోస్టాక్, అదే సెలెక్షన్‌ను (ఎంచుకుని పట్టుకున్న ఎలిమెంట్లను) అంటే ముందున్న సెలెక్షన్‌ను తిరిగి ఇచ్చే ఆట్ర్, స్టైల్ వంటి మెథడ్లకు నాలుగు స్పేసులు, కొత్త సెలెక్షన్ ఇచ్చే అపెండ్ వంటివాటికి రెండే స్పేసులు ఇచ్చే పద్ధతి పాటించారు. అలా రాసి ఉంటే నీ గొలుసు ఎక్కడ ఎస్‌వీజీని వదిలి గ్రూపును పట్టుకుందో కంటికే తెలిసేది. జేక్వెరీ అనే మరో జావాస్క్రిప్ట్ లైబ్రరీలో ఫైండ్‌తో లోపలికి వెళ్లి ఎండ్‌తో వెనక్కి వచ్చే కోడుకూ ఇదే వర్తిస్తుంది.

ఇప్పుడు సేవ్ కొట్టగానే కోడును తనే సర్దే ప్రెట్టియర్ అనే ఫార్మాటర్ అన్నిటినీ ఒకే అంచుకు తెస్తుంది, దాన్నే క్రమశిక్షణ అంటున్నారు! సెమీకోలన్ల విషయంలో నాకు పేచీ లేదు, ఇక్కడ మాత్రం ఉంది. ఫార్మాటర్ తప్పనిసరైతే గొలుసునే తెంచు: ఎస్‌వీజీని ఒక పేరుతో, గ్రూపును ఇంకో పేరుతో పట్టుకో. ఆ తేడాను ఏ ఫార్మాటరూ చెరపలేదు.

కొత్తలో నా వ్యాసం వేసిన ఒక సంపాదకుడు చోటు కలిసొస్తుందని నా లైన్లన్నీ కలిపేశాడు. నడుమ రెండు స్లాష్‌ల కామెంటు ఉండడంతో దాని తరువాతి కోడంతా కామెంటులో కలిసిపోయింది. పని చేయడం లేదని పాఠకులు ఉత్తరాలు రాస్తే ఆయన వాటిని నాకే పంపాడు, సవరణ మాత్రం వేయలేదు.

ముందు మూడో ఉదాహరణ సరిచెయ్యి. అక్కడ డేటా మీద నేరుగా సార్ట్ పిలిచావు. అది మ్యాప్, ఫిల్టర్ల లాగే చుక్క తరువాత ఒదిగి కనిపిస్తుంది గానీ, కొత్త అర్రే (జాబితా) ఇవ్వకుండా ఉన్నదాని వరుసనే మార్చేస్తుంది. జావాస్క్రిప్ట్ 2023 ప్రమాణంలో వచ్చిన, కొత్త అర్రే ఇచ్చే టూసార్టెడ్ వాడి, వ్యాసం మళ్లీ పంపు.