మా సిటీ ఎన్నికల మీద స్టేట్ పెత్తనం ఏంటండీ?

ప్రశ్న: నమస్తే అండీ. మేం అమెరికాలో ఓ మధ్యరకం సిటీలో ఉంటాం. సిటీ కౌన్సిల్ ఎన్నికల్లో ర్యాంక్డ్ చాయిస్ ఓటింగ్ పెడదామా వద్దా అని ఇక్కడ మీటింగులు నడుస్తున్నాయి, ఈలోగా రాష్ట్రంలో ఏ ఊరూ దీన్ని వాడకూడదని లెజిస్లేచర్‌లో బిల్లు పెట్టేశారు. జనానికి అర్థం కాదు, అంతా గందరగోళం అంటున్నారు, మా వారు కూడా నిజమే కదా అంటున్నారు. ఆయన సిటిజన్, నాకింకా గ్రీన్ కార్డే. మేం ఏమైనా చెయ్యగలమా?

జవాబు: ఇది ఆపాల్సిన బిల్లేనండీ, గట్టిగానే చెప్తున్నా. ర్యాంక్డ్ చాయిస్ మంచిదా కాదా అని తేల్చుకోవాల్సింది మీ సిటీ ఓటర్లు, మీ వార్డులు ఎక్కడున్నాయో కూడా తెలియని ఎక్కడో జిల్లా సెనేటర్‌కి అందులో ఏం పని?

ముందు మీ వారికి పద్ధతి చెప్పండి. మన పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నికల్లో పేర్ల పక్కన 1, 2, 3 వేస్తాం చూడండి, దాదాపు అదే. ఎవరికీ సగం దాటకపోతే అందరికంటే తక్కువ వచ్చినవాళ్లని తీసేసి, ఆ బ్యాలట్ల మీద తర్వాతి నంబర్ ఎవరికుంటే వాళ్లకి కలుపుతారు.

2021లో న్యూయార్క్ మేయర్ డెమొక్రటిక్ ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) చూడండి, 13 మంది పోటీ, మొదటి లెక్కలో ఎరిక్ ఆడమ్స్‌ది మొదటి స్థానం కానీ 31 శాతం కూడా రాలేదు. పాత రూలైతే 40 శాతం దాటలేదు కాబట్టి ఆడమ్స్‌కీ రెండో స్థానంలో ఉన్న మాయా వైలీకీ మధ్య ఇంకోరోజు రనాఫ్, అంటే మళ్లీ పోలింగ్, పెట్టేవాళ్లు, మూడో స్థానంలో ఉన్న క్యాథరిన్ గార్సియా ఇంటికే. ర్యాంకులు లెక్కేస్తే ఆవిడ వైలీని దాటి వచ్చి ఆడమ్స్ చేతిలో 7,197 ఓట్ల తేడాతో ఓడిపోయింది, అంటే చాలామందికి ఆవిడ రెండో ఇష్టం అన్నమాట, పాత పద్ధతిలో ఆ సంగతి ఎవరికీ తెలిసేదే కాదు. రనాఫ్ ఖర్చు సంగతి కూడా చెప్పాలి, అదే ఊళ్లో 2013లో పబ్లిక్ అడ్వకేట్ (సిటీ మీద జనం ఫిర్యాదులు చూసే) పదవికి రనాఫ్ పెడితే దాదాపు 1.3 కోట్ల డాలర్లు అయింది, ఆ ఆఫీసు ఏడాది బడ్జెట్ కంటే ఎన్నో రెట్లు, ఓటెయ్యడానికి వచ్చినవాళ్లు చూస్తే చాలా కొద్దిమంది.

తప్పులు జరగలేదా అంటే జరిగాయి. ఆ 2021 లెక్కింపులోనే అధికారులు దాదాపు 1,35,000 టెస్ట్ బ్యాలట్లు తీసెయ్యడం మర్చిపోయి ఫలితాలు ప్రకటించి వెనక్కి తీసుకున్నారు, జనానికి కోపం వచ్చింది, రావాల్సిందే. కానీ అది ఆఫీసు నిర్లక్ష్యం, ఓటర్లకి ర్యాంకులు వెయ్యడం రాక జరిగింది కాదు.

నన్ను బాగా బాధపెట్టేది మెంఫిస్ కథ. 2008లో అక్కడి ఓటర్లు ఈ పద్ధతి కావాలని ఓటేశారు, ఏళ్ల తరబడి అమలు చెయ్యలేదు, 2018లో రద్దు చేద్దామా అని మళ్లీ అడిగితే వద్దు ఉంచండి అన్నారు, 2022లో టెన్నెసీ రాష్ట్రం మొత్తానికీ నిషేధం పెట్టేసింది. సొంత ఊళ్లో రెండుసార్లు గెలిచిన పద్ధతి ఒక్క ఎన్నికలో కూడా వాడకుండానే పోయింది. ఫ్లోరిడాలో సారసోటాదీ ఇదే గతి, 2007లో ఓటర్లు ఒప్పుకున్నారు, 2022లో స్టేట్ తలుపు మూసేసింది. నార్త్ డకోటా 2025లో తెచ్చిన నిషేధంలో అయితే ఫార్గో ఊరు 2020 నుంచి వాడుతున్న అప్రూవల్ ఓటింగ్ (నచ్చినవాళ్లందరికీ ఓటెయ్యొచ్చు, ర్యాంకులుండవు) కూడా కొట్టుకుపోయింది.

మరి నచ్చకపోతే ఎలా అంటారా, వెర్మాంట్‌లో బర్లింగ్టన్ ఉంది కదా. ర్యాంకులతో జరిగిన 2009 మేయర్ ఎన్నిక ఫలితం చాలామందికి మింగుడుపడలేదు, 2010లో వాళ్లే ఓటేసి తీసేసుకున్నారు, 2021లో కౌన్సిల్ ఎన్నికలకి వాళ్లే మళ్లీ ఓటేసి తెచ్చుకున్నారు. యూటాలో కూడా స్టేట్ ఊళ్లకి వదిలేసి ఇష్టమైతే వాడుకోండి అంది, 2019లో పేసన్, వైన్యార్డ్ మొదలుపెట్టాయి, తర్వాత కొన్ని ఊళ్లు చేరాయి, కొన్ని మానుకున్నాయి. నిషేధం ఉంటే ఈ దిద్దుకునే అవకాశమే ఉండదు.

ఇది ఒక పార్టీ పన్నాగం అనేవాళ్లకి ఒక్క మాట చెప్పండి, 2021లో వర్జీనియా రిపబ్లికన్లు గవర్నర్ అభ్యర్థిగా గ్లెన్ యంకిన్‌ని ఎంచుకుంది ర్యాంకులు వేసే. గందరగోళం అనేవాళ్లకి ఇంకోటి, జార్జియా, సౌత్ కరోలినా లాంటి రాష్ట్రాలు రనాఫ్ కోసం విదేశాల్లో ఉన్న సైనికులకి ర్యాంకుల బ్యాలటే పంపిస్తాయి. వాళ్లకి అర్థమయ్యేది ఊళ్లో ఉన్నవాళ్లకి అర్థం కాదా?

ఇక మీరు చెయ్యగలిగింది. ఓటు లేకపోయినా గ్రీన్ కార్డు ఉన్న మీరు నిరభ్యంతరంగా మీ స్టేట్ రిప్రజెంటేటివ్ ఆఫీసుకి ఫోన్ చెయ్యొచ్చు, మెయిల్ పెట్టొచ్చు, కమిటీ హియరింగ్‌లో మాట్లాడొచ్చు. బిల్లు నంబర్, మీరుండే సిటీ పేరు ముందే చెప్పండి, అక్కడ మాట్లాడటానికి ఇచ్చేది సాధారణంగా రెండు మూడు నిమిషాలే కాబట్టి చెప్పేది రాసుకుని వెళ్లండి. బిల్లు మొత్తం ఆపలేకపోతే లోకల్ ఎన్నికలకి మినహాయింపు ఇవ్వమని సవరణ అడగండి, మిస్సోరి ఓటర్లు 2024లో నిషేధం పెట్టినా సెయింట్ లూయిస్ అప్పటికే వాడుతున్న అప్రూవల్ పద్ధతిని ఉండనిచ్చారు. బిల్లు కమిటీ దాటిందంటే ఆపడం కష్టం, కాబట్టి ఫోన్ ఈ వారమే చెయ్యండి, మీ వారితో కూడా చేయించండి.