తుపాకీ ముచ్చట్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: 30-06 రైఫిల్ తూటా కేస్ (మందు పట్టే ఇత్తడి గుల్ల) మూతి వెడల్పు చేసి .35 అంగుళాల బుల్లెట్ పెట్టి, పెద్ద జంతువుల వేటకి నాదంటూ ఒక వైల్డ్‌క్యాట్ (కంపెనీలు అమ్మని, సొంతంగా చేసుకునే) తూటా డిజైన్ చేద్దామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లడం కాదు గానీ, ఆ తూటా 1922లోనే పుట్టేసిందండి. పేరు .35 వీలెన్. పుట్టాక 66 ఏళ్లు హ్యాండ్‌లోడర్ల (తూటాలు సొంతంగా నింపుకునేవాళ్ల) బల్లల మీదే బతికింది, 1988లో గానీ రెమింగ్టన్ దాన్ని ఫ్యాక్టరీ తూటాగా తేలేదు. అదే కేస్‌ని .338కి తెరిస్తే .338-06, అదీ పాతదే. మీడియం బోర్‌లో (బోర్ అంటే బ్యారెల్ రంధ్రం వెడల్పు) ఖాళీ జాగా దొరకడం కష్టం, జర్మనీలో ఒట్టో బాక్ 9.3x62 (9.3 మి.మీ. బుల్లెట్‌ది) చేసింది 1905లో, అది ఇప్పటికీ దర్జాగా నడుస్తోంది.

అయినా చేస్తానంటే కేస్ దగ్గర కాదు, బుల్లెట్ దగ్గర మొదలుపెట్టండి. మనం వాడుకలో తూటా మొత్తాన్నీ బుల్లెట్ అనేస్తాం, ఇక్కడ నేననేది ముందుండే లోహపు ముక్క ఒక్కటే. దాని బరువుని పౌన్లలోకి మార్చి, వ్యాసం అంగుళాల్లో తీసుకుని స్క్వేర్ చేసి భాగిస్తే సెక్షనల్ డెన్సిటీ వస్తుంది, లోతుగా దిగుతుందా లేదా అనేదానికి అదొక మొదటి అంచనా. 250 గ్రెయిన్ల (పౌనుకి 7,000 గ్రెయిన్లు) .338కి సుమారు 0.313, అదే బరువు .358కి (.35 అనేదాని అసలు వ్యాసం ఇదే) 0.279, 286 గ్రెయిన్ల 9.3కి 0.305. బుల్లెట్ ఎలా కట్టారన్నది కూడా అంతే ముఖ్యం, పైనే పగిలిపోయేదైతే ఈ లెక్కలన్నీ దండగ. మీరనుకున్న వ్యాసంలో మంచి బుల్లెట్లు ఒకటో రెండో రకాలే దొరుకుతుంటే ఆ బోర్ జోలికి పోకండి.

ప్రశ్న: తుపాకీ పనివాడు యాక్లీ పద్ధతిలో షోల్డర్‌ని (కేస్ మూతి వైపు సన్నబడే వాలుని) 40 డిగ్రీలు చేస్తే స్పీడ్ బాగా పెరుగుతుందా?

జవాబు: బాగా అంటే పెరగదు. ప్రెషర్ అంతే ఉంచితే, కేస్‌లో పట్టేది ఎంత శాతం పెరిగిందో అందులో దాదాపు నాలుగో వంతే స్పీడ్‌లో కనపడుతుంది. 8 శాతం ఎక్కువ పడితే 2 శాతం, అంటే సెకనుకు 2,500 అడుగులు వెళ్లేది 2,550 వెళ్తుంది, ఆ తేడా జంతువుకి తెలీదు. అంతకంటే ఎక్కువ వచ్చిందని ఎవరైనా చెప్తే అది షోల్డర్ మహిమ కాదు, ప్రెషర్ పెంచేశారన్నమాట. అసలు లాభం వేరే చోట ఉంది, కేస్ తక్కువ సాగుతుంది, మాటిమాటికీ పెరిగిన మూతిని కోసి ట్రిమ్ చేసే పని తగ్గుతుంది. నాకైతే ఆ ఒక్క కారణం చాలు.

ప్రశ్న: అదే కేస్‌ని ఇంకా పెద్దది చేసి .411 బుల్లెట్ పెట్టొచ్చా?

జవాబు: ఒక కూడిక చేసి చూడండి. 30-06 షోల్డర్ వ్యాసం 0.441 అంగుళాలు. నెక్ (బుల్లెట్‌ని పట్టుకునే మూతి) గోడ మందం 0.015 అనుకుంటే .358 బుల్లెట్‌తో నెక్ బయటి కొలత 0.388, రెండు పక్కలా 0.026 చొప్పున షోల్డర్ మెట్టు మిగిలింది, ఫర్వాలేదు. .411కి అదే లెక్క వేస్తే 0.441 వస్తుంది, అంటే మెట్టే లేదు! రిమ్ (అడుగున బయటికి పొడుచుకొచ్చే అంచు) లేని ఈ కేస్ ఛాంబర్‌లో (బ్యారెల్ వెనక తూటా కూర్చునే గదిలో) ఆగేది ఆ మెట్టు మీదే, వెనక మూసే బోల్ట్ నుంచి ఆ ఆనే చోటు దాకా ఉన్న దూరాన్నే హెడ్‌స్పేస్ అంటాం. ఆనుకునే చోటు సరిగ్గా లేకపోతే ఫైరింగ్ పిన్ కొట్టగానే కేస్ ముందుకి జారుతుంది, తర్వాత ప్రెషర్‌కి దాని ముందు భాగం ఛాంబర్ గోడకి అతుక్కుపోయి అడుగు మాత్రం వెనక్కి బోల్ట్ దాకా సాగుతుంది, ఆ సాగడం అడుగుకి కాస్త పైన జరుగుతుంది, నాలుగైదు సార్లు లోడ్ చేసేసరికి అక్కడ గోడ పల్చబడి కేస్ రెండు ముక్కలవుతుంది. కొన వంచిన సన్న తీగ లోపల పెట్టి గీరితే ఆ గాడి చేతికి తగులుతుంది, తగిలిందంటే ఆ బ్యాచ్ మొత్తం పారేయండి, మొహమాటం వద్దు.

షోల్డర్ ముందుకి జరిపే డిజైన్ అయితే ముందు నెక్‌ని కావాల్సినదానికన్నా పెద్దది చేసి, తర్వాత డైలో (కేస్‌ని కొలతకి నొక్కే అచ్చులో) కొద్దికొద్దిగా తగ్గిస్తూ బోల్ట్ కాస్త బిగువుగా మూసుకునే దగ్గర ఆపాలి, తగ్గించడం ఆగిన చోట ఒక చిన్న దొంగ షోల్డర్ మిగులుతుంది. దాని మీద ఆనించే ఫైర్‌ఫార్మింగ్ (తూటా పేల్చి కేస్‌ని ఛాంబర్ ఆకారానికి తేవడం) చేయాలి.

ప్రశ్న: కొత్త తూటాకి లోడ్ డేటా (ఏ మందు ఎంత పోయాలనే లెక్క) ఎక్కడ దొరుకుతుంది? చిన్న బోర్‌కి వాడే మందే వాడొచ్చా?

జవాబు: మీ ఒక్కరి దగ్గరే ఉన్న తూటాకి డేటా ఎవరిస్తారండి! అందుకే ప్రెషర్ పరీక్షించి అచ్చు వేసిన డేటా ఉన్న తూటా ఎంచుకోమని నేను పోరు పెడుతుంటా. మందు సంగతంటారా, బిందె అదే, మూతి వెడల్పయింది. బుల్లెట్ కదలగానే వెనక ఖాళీ తొందరగా పెరుగుతుంది, కాబట్టి చిన్న బోర్‌లో బాగా పనిచేసిన నిదానం మందు ఇక్కడ సరిగ్గా కాలకుండానే బ్యారెల్ అయిపోతుంది, సాధారణంగా కాస్త వేగంగా కాలేది కావాలి. ఎంత వేగం, ఎన్ని గ్రెయిన్లు అనేది ఈ పేజీలో రాయను, ఎన్ని ఉత్తరాలు రాసినా సరే. ప్రైమర్ (మందుని అంటించే, కేస్ అడుగున ఉండే చిన్న గిన్నె) చదునుగా అవ్వలేదు కాబట్టి ప్రెషర్ లేదు అనే మాట మాత్రం నమ్మొద్దు, ప్రైమర్లు అబద్ధాలు చెప్తాయి. క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే యంత్రం) పెట్టండి, ఉండాల్సిన దానికన్నా స్పీడ్ ఎక్కువ కనపడితే సంబరపడకుండా అక్కడే ఆపేయండి.

ప్రశ్న: కేస్ అడుగున 30-06 అనే ఉంటుంది కదా, ఇబ్బందేమైనా ఉందా?

జవాబు: ఉంది. బ్యారెల్ మీద అసలు పేరు చెక్కించండి, తూటాల డబ్బాల మీద పెద్దక్షరాలతో రాయండి, మీ తర్వాత ఆ రైఫిల్ చేతిలోకి తీసుకునేవాడికి మీ డిజైన్ గురించి ఏమీ తెలీదు.